మొక్కల పనికి దిగేటప్పుడు ఒంటిమీద ఏముండాలి

మొక్కల్లో పనికి ప్రత్యేకంగా బట్టలేంటి, చిరిగిన టీషర్టు ఏదో ఒకటి తగిలించుకుంటే సరిపోదా అని చాలామంది అంటారు, నేను కూడా చాలా ఏళ్ళు అలాగే చేశాను. పాత బట్టలు మంచివే, మట్టి మరక పడితే బాధుండదు. కానీ ఉతికి ఉతికి పల్చబడిపోయిన చొక్కాలోంచి ఎండా దిగుతుంది, దోమా కుడుతుంది, ముల్లూ గుచ్చుకుంటుంది. పాతదా కొత్తదా అన్నది కాదు, ఈ రోజు చేసే పనికి అది సరిపోతుందా లేదా అన్నదే చూడాలి. కుండీలకి నీళ్ళు పోసే రోజు వేరు, గులాబీలు కత్తిరించే రోజు వేరు, పురుగుమందు కొట్టే రోజు ఇంకా వేరు. అందుకే బయటికి అడుగు పెట్టే ముందు ఒక్క నిమిషం ఆగి ఇవ్వాళ ఏం చేయబోతున్నాను అని అనుకుని, దాన్నిబట్టి వేసుకోండి.

ముందు చేతుల సంగతి, ఎందుకంటే అందరూ ఎక్కువ పొరపాటు చేసేది ఇక్కడే. ఒకే ఒక్క జత గ్లౌజులు కొని అన్ని పనులకీ అవే వాడేస్తారు, అవి కూడా లూజుగా ఉండే మందపాటి గుడ్డవి. వాటితో చిన్న నారు మొక్క పట్టుకోవడం రాదు, కలుపు వేరు దొరకదు, చిరాకొచ్చి పది నిమిషాల్లో తీసి పక్కన పడేస్తారు. మట్టి పని, నాటడం, కలుపు తీయడం లాంటి వాటికి అరచేతి వైపు నైట్రైల్ రబ్బరు పూత ఉండి వెనక వైపు అల్లికగా ఉండే పల్చటి గ్లౌజులు బాగుంటాయి, పట్టు దొరుకుతుంది, వెనకనుంచి గాలి కూడా ఆడుతుంది. సైజు మాత్రం చేతికి అతికినట్టుండాలి, వేలి చివర ఖాళీ మిగిలిందంటే ఆ కొస కత్తెరలో పడుతుంది.

కానీ అవే వేసుకుని గులాబీ, బోగన్‌విల్లియా, నిమ్మ చెట్ల జోలికి వెళ్ళొద్దు, ముల్లు సూటిగా లోపలికి దిగిపోతుంది. వాటికి తోలు గ్లౌజులు కావాలి, అదీ మోచేతి దాకా వచ్చేవైతే మరీ మంచిది, ఎందుకంటే గీరుకుపోయేది వేళ్ళకంటే ముంజేతులే ఎక్కువ. ముల్లు గుచ్చుకుంటే ఏమవుతుందిలే అనుకోకండి. మట్టిలోనూ ఎండుటాకుల్లోనూ ముళ్ళ మీదా స్పోరోథ్రిక్స్ అనే ఫంగస్ ఉండొచ్చు, అది ముల్లుతో పాటు చర్మం లోపలికి పోతే కొన్ని రోజులకో వారాలకో అక్కడ చిన్న బుడిపె లేస్తుంది, మానదు, తర్వాత చేతి మీద పైకి వరసగా ఇంకా బుడిపెలు రావచ్చు. అలా కనిపిస్తే డాక్టరుకి నేను తోటపని చేస్తాను, ముల్లు గుచ్చుకుంది అని మీరే చెప్పండి, ఆ మాట చెప్పకపోతే వాళ్ళకి అటువైపు ఆలోచన రాకపోవచ్చు.

పాలు కారే మొక్కలు కూడా ఉన్నాయి కదా, జిల్లేడు, యుఫోర్బియా లాంటివి, వాటిని కోసేటప్పుడు చేతులు ఒంటి మీద, ముఖ్యంగా కళ్ళ దగ్గర పెట్టకండి. ఇంకోటి చాలామందికి తెలియదు, నిమ్మకాయ తొక్క రసం గానీ అంజూర ఆకు పాలు గానీ చర్మానికి అంటుకుని ఆ మీద ఎండ తగిలితే ఒకటి రెండు రోజుల్లో కాలినట్టు బొబ్బలు లేస్తాయి, అవి తగ్గాక కూడా నల్లటి మచ్చలు నెలల తరబడి ఉండిపోతాయి. అలాంటి పని ఉన్న రోజు ఫుల్ హ్యాండ్స్ వేసుకోండి, అయిపోగానే సబ్బుతో కడిగేసుకోండి. ఉంగరాలు ముందే తీసి ఇంట్లో పెట్టేయండి, కందిరీగ కుట్టి వేలు వాచిందంటే ఉంగరం బయటికి రాదు.

కాళ్ళకి వస్తే, చెప్పులతో పార పట్టుకోవడం నాకు అస్సలు నచ్చని పని. పార మట్టిలోకి దిగాలంటే దాని అంచు మీద పాదంతో తొక్కుతాం, అక్కడ బరువంతా పాదం మధ్యలో పడుతుంది, మెత్తటి సోలు అయితే సాయంత్రానికి అరికాలు పట్టేస్తుంది, పార జారితే వేళ్ళ మీదే పడుతుంది. వేళ్ళు మూసి ఉండే, గట్టి సోలున్న షూ ఏదైనా పరవాలేదు. బురద ఉంటే గమ్ బూట్లు, కానీ ఎండలో గంటల తరబడి వాటిలో ఉంటే కాళ్ళు ఉడికిపోతాయి, అందుకని లోపల కాటన్ సాక్సులు వేసి, పని అవ్వగానే బూట్లు బోర్లించి ఆరబెట్టండి. ఉత్తి కాళ్ళతో మట్టిలో తిరిగితే హాయిగా ఉంటుంది నిజమే, కానీ మలం కలిసిన మట్టిలో కొంకిపురుగు పిల్లలుండొచ్చు, అవి పాదం చర్మంలోంచే లోపలికి దూరతాయి, కుక్కలూ పిల్లులూ తిరిగే చోట అయితే వాటి పురుగుల వల్ల చర్మం కింద గీత గీసినట్టు దురద పాకుతుంది. ఇక మేకు గుచ్చుకుంటేనే ధనుర్వాతం వస్తుందని ఒక అపోహ ఉంది, అది తెచ్చే బ్యాక్టీరియా మామూలు మట్టిలో, పశువుల ఎరువులో కూడా ఉంటుంది. పెద్దవాళ్ళకి సాధారణంగా 10 ఏళ్ళకోసారి ధనుర్వాతం టీకా బూస్టర్ వేయించుకోమంటారు, చివరిసారి ఎప్పుడు వేయించుకున్నారో గుర్తులేకపోతే డాక్టర్ని అడగండి.

కళ్ళ గురించి మాత్రం కాస్త ఎక్కువే చెప్తాను. ఒకసారి టమాటా మొక్కలు కర్రలకి కడుతూ కిందకి వంగాను, పక్కనే ఇంకో కర్ర ఉందని చూసుకోలేదు, దాని కొస కనుబొమ్మకి తగిలింది, ఒక్క అంగుళం కిందకైతే కన్నే. ఆ రోజు నుంచి కర్రల కొసలన్నిటికీ సీసా మూతో పాత బంతో గుచ్చి పెడుతున్నాను, కొమ్మలు కోసేటప్పుడు, కర్రల మధ్య వంగేటప్పుడు, గడ్డి మెషిన్ పట్టినప్పుడు తప్పకుండా క్లియర్ ప్లాస్టిక్ సేఫ్టీ గ్లాసెస్ పెట్టుకుంటాను. మామూలు కళ్ళజోడు చాలదు, పక్కలు ఖాళీగా ఉంటాయి. ఆకు అంచో పుల్లో కంటిని గీరితే ఆ గీత చిన్నదే అయినా దాంట్లో ఫంగస్ చేరి నల్లగుడ్డు మీద పుండు పడొచ్చు, పొలం పనులు చేసేవాళ్ళలో చూపు పోవడానికి ఇదొక పెద్ద కారణం. కన్ను నలపొద్దు, ఇంట్లో ఉన్న పాత చుక్కల మందు వేసుకోవద్దు, ముఖ్యంగా స్టెరాయిడ్ ఉన్నవి వేస్తే ఫంగస్ ఇంకా పెరిగిపోతుంది. నొప్పి, ఎరుపు, మసక ఏది ఉన్నా అదే రోజు కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

ఎండకి టోపీ అనగానే అందరూ ముందు మాత్రమే రేకు ఉన్న క్యాప్ పెట్టుకుంటారు, వంగి పనిచేస్తుంటే ఎండ పడేది మెడ వెనక, చెవుల మీద, ఆ రెండూ క్యాప్‌లో బయటే ఉంటాయి. చుట్టూ కనీసం 3 అంగుళాల అంచున్న టోపీ తీసుకోండి, గాలికి ఎగరకుండా గడ్డం కింద తాడు ఉంటే ఇంకా మంచిది. చొక్కా గుడ్డని వెలుతురుకి ఎదురుగా పట్టి చూడండి, ఇవతలికి వెలుగు బాగా కనిపిస్తే ఎండ కూడా అలాగే వస్తుందని అర్థం. యూపీఎఫ్ 50 అని రాసి ఉన్న బట్టలోంచి అతినీలలోహిత కిరణాల్లో 50 వంతుల్లో ఒక వంతే లోపలికి వస్తుంది, కానీ అంత ఖర్చు అక్కర్లేదు, దగ్గరగా నేసిన ఫుల్ హ్యాండ్స్ కాటన్ చొక్కా చాలు. తెల్లటి పల్చటి కాటన్ మాత్రం చెమటకి తడిసిందంటే ఇంకా ఎక్కువ కిరణాల్ని లోపలికి వదులుతుంది. ముదురు రంగు ఎండని బాగా ఆపుతుంది గానీ వేడెక్కుతుంది, పైగా దోమలు ముదురు రంగుల మీదికి ఎక్కువ వస్తాయి, అందుకని నేను మధ్యస్తంగా ఉండే రంగులో దళసరి గుడ్డే వాడతాను. కుదిరితే ఉదయం 10 లోపో సాయంత్రం 4 తర్వాతో చేసుకోండి, అప్పుడు దోమలుంటాయి కాబట్టి బట్టలు వదులుగా ఉండాలి, ఒంటికి అతుక్కునే లెగ్గింగ్స్ మీంచి దోమ సులువుగా కుడుతుంది. సన్‌స్క్రీన్, దోమల క్రీమ్ రెండూ రాసుకునేట్టయితే ముందు సన్‌స్క్రీన్, అది ఆరాక దోమలది, సన్‌స్క్రీన్ 2 గంటలకోసారి మళ్ళీ రాయాలి.

ప్యాంటు ఎంచుకోవడం తేలిక, వేసుకుని గొంతుకూర్చోండి, నడుం దగ్గరా మోకాళ్ళ దగ్గరా బిగిస్తే అది పనికిరాదు. జీన్స్ ముళ్ళకి బాగుంటుంది కానీ తడిస్తే బరువెక్కి ఆరదు. గడ్డి ఎత్తుగా ఉన్న చోట ప్యాంటు అంచుల్ని సాక్సుల్లోకి దోపేయండి, పిడుదులు లోపలికి పాకవు. మోకాళ్ళ కింద ప్యాడ్ గానీ మడతపెట్టిన గోనెసంచి గానీ వేసుకోవాలి. మెషిన్ పనులప్పుడు చున్నీ, స్కార్ఫ్, మెడలో గొలుసు, వేలాడే తాళ్ళు ఏవీ వద్దు, జుట్టు కూడా ముడేసుకోండి.

కంపోస్ట్, పాటింగ్ మిక్స్ (కుండీల్లో నింపే మట్టి మిశ్రమం) సంచి విప్పేటప్పుడు ముక్కుకి మాస్క్ పెట్టుకోండి, ఆ దుమ్ములో లెజియోనెల్లా అనే బ్యాక్టీరియా ఉండే అవకాశం ఉంది, అది ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా రావచ్చు. సంచిని ముఖానికి దూరంగా పెట్టి విప్పి, కొద్దిగా నీళ్ళు చిలకరించాకే కలపండి.

మందు కొట్టే రోజు అయితే తోలు గ్లౌజులూ గుడ్డ గ్లౌజులూ రెండూ వద్దు, అవి మందుని పీల్చుకుని చర్మానికి అంటించి పెడతాయి, ఎంత కడిగినా పోదు. లోపల గుడ్డ లేని నైట్రైల్ లేదా రబ్బరు గ్లౌజులు, ఫుల్ హ్యాండ్స్, ఫుల్ ప్యాంటు, బూట్లు, కళ్ళద్దాలు, ఇవి కాక డబ్బా మీద ఇంకేమైనా వేసుకోమని రాసి ఉంటే అది కూడా, ఆ లేబుల్ చెప్పిందే వినండి. ప్యాంటు అంచు బూటు లోపలికి కాదు బయటికి ఉండాలి, లేకపోతే కారిన మందు నేరుగా బూట్లోకి దిగుతుంది. చేతులు పైకెత్తి కొట్టేటప్పుడు చొక్కా చేతుల్ని గ్లౌజుల లోపలికి దోపి గ్లౌజు అంచు మడతపెట్టండి, కిందకి కొట్టేటప్పుడు చొక్కా చేతులు గ్లౌజుల పైకి ఉండాలి. అయిపోయాక ఆ గ్లౌజులు తీయకముందే వాటిని సబ్బుతో కడిగి, తర్వాత స్నానం చేసి, ఆ బట్టల్ని ఇంట్లో మిగతావాటితో కలపకుండా విడిగా ఉతకండి.

ఇవన్నీ తలుపు పక్కన ఒక కొక్కేనికి కలిపి తగిలించి పెట్టుకుంటే వెతుక్కునే పని ఉండదు, వెతుక్కోవాల్సి వస్తేనే మనం చెప్పులతో అలాగే వెళ్ళిపోతాం. బయట వదిలిన బూట్లు, గ్లౌజులు మాత్రం మళ్ళీ వేసుకునే ముందు తలకిందులు చేసి గట్టిగా దులపండి, తేలో సాలీడో లోపల పడుకుని ఉంటే అప్పుడే బయటపడుతుంది.