కరెంటు పోయొచ్చాక ఫైలు సున్నా బైట్లు: ఎక్కడ చూడాలి, ఏం మార్చాలి

సమస్య: మిర్యాలగూడ రైస్ మిల్లు. కాంటా మీద వడ్ల లారీ ఎక్కింది, తూకం పడింది, చీటీ ప్రింటయింది. అంతలో కరెంటు పోయింది. వచ్చాక చూస్తే చివరి లారీలు ఫైల్లో లేవు. ఇంకోసారి ఫైలు పేరు ఉంటుంది, సైజు సున్నా. వైరస్ అనుకుని ఫార్మాట్ కొట్టించకండి.

ముందు తూకాలు రాసే ప్రోగ్రామ్‌ను కిల్ చేసి (బలవంతంగా ఆపేసి) చూడండి. కిల్ చేసినప్పుడే వరుసలు పోతుంటే డేటా ప్రోగ్రామ్ సొంత బఫర్ (రాసేముందు పోగేసుకునే చోటు) దాటలేదు. ఫ్లష్ చేస్తే, అంటే బఫర్‌లోది ఆపరేటింగ్ సిస్టమ్‌కు పంపితే, కిల్‌ను తట్టుకుంటుంది; కరెంటు పోతే మాత్రం అదొక్కటే చాలదు. కిల్ చేసినా నిలిచి, ప్లగ్ పీకితేనే పోతుంటే కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) దగ్గర ఆగిందన్నమాట. రైట్ (రాయడం) సక్సెస్ అంటే డేటా ర్యామ్‌లో కెర్నల్ తాత్కాలికంగా ఉంచే పేజ్ క్యాష్‌కు చేరిందని మాత్రమే, డిస్కుకు కాదు. మామూలు సెట్టింగుల్లో లినక్స్ దాన్ని 30 సెకన్ల దాకా అక్కడే ఉంచుకోవచ్చు.

పరిష్కారం: ఫ్లష్, ఆ వెంటనే ఎఫ్‌సింక్ (డేటాను డిస్కు మీదకు రాసేయమని కెర్నల్‌కు చెప్పే పిలుపు). విండోస్‌లో ఈ పని ఫ్లష్‌ఫైల్‌బఫర్స్‌ది. అది సక్సెస్ అని తిరిగొచ్చాకే చీటీ ప్రింట్ కావాలి. చాలా ప్రోగ్రాముల్లో ఈ వరుసే తలకిందులు. రైతు చేతిలో కాగితం ఉంటుంది, మిల్లు లెక్కలో లారీ ఉండదు.

సున్నా బైట్ల కథ వేరు. పాత ఫైలునే రైట్ మోడ్‌లో తెరిస్తే తెరవగానే ఖాళీ అవుతుంది. కొత్త డేటా చేరేలోపు కరెంటు పోతే రెండూ లేవు. అదే ఫోల్డర్‌లో తాత్కాలిక ఫైలు రాసి, ఎఫ్‌సింక్ చేసి, పాత పేరుకు రీనేమ్ చేయండి. లినక్స్‌లో ఆ ఫోల్డర్‌కూ ఎఫ్‌సింక్ చేయాలి. ఇది దాదాపు అందరూ మరిచేదే.

ఎఫ్‌సింక్ ఎర్రర్ ఇస్తే మళ్లీ పిలిచి సక్సెస్ వచ్చిందని నమ్మకండి. లినక్స్‌లో రెండోసారి సక్సెస్ వచ్చినా మొదటి డేటా పోయుండొచ్చు. 2018లో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వాళ్లు ఈ సంగతి గుర్తించి, ఎఫ్‌సింక్ ఫెయిలైతే డేటాబేసే ఆగి లాగ్ (మార్పుల చిట్టా) నుంచి కోలుకునేలా మార్చారు. ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌ను వాల్ మోడ్‌లో (మార్పులను ముందు లాగ్‌లో రాసే పద్ధతి) వాడుతుంటే, దాని సింక్రనస్ అనే సెట్టింగ్‌ను ఫుల్‌లో పెట్టండి. నార్మల్‌లో ఫైలు చెడదు గానీ చివరి ఎంట్రీలు పోవచ్చు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా పోతుంటే అనుమానం డిస్కు మీదే. కొన్ని చౌక డ్రైవులు తమ క్యాష్‌లో పెట్టుకునే రాసేశామని చెప్తాయి. డ్రైవ్ రైట్ క్యాష్ ఆపేయండి, వేగం తగ్గుతుంది. లేదా పవర్ లాస్ ప్రొటెక్షన్ (కరెంటు పోయినా క్యాష్‌లోది కాపాడే ఏర్పాటు) ఉన్న ఎస్‌ఎస్‌డీ కొనండి.

పరీక్షకు రీసెట్ బటన్ పనికిరాదు, దాంతో డిస్కుకు కరెంటు ఆగదు. యూపీఎస్ తీసేసి, చీటీలు వరుసగా వస్తుండగా గోడ ప్లగ్ పీకండి. ఆఖరి చీటీ నంబరు ఫైల్లో లేకపోతే ఇంకా ఎక్కడో ఎఫ్‌సింక్ తప్పింది, లేదా డిస్కు అబద్ధం చెప్తోంది.