చెరువు మట్టం నుంచి వీధి గాలి వరకు: అనుసంధాన సెన్సార్లను నేర్చుకునే దారి

ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్ (పరికరాలు, సెన్సార్లు ఇంటర్నెట్‌తో కలిసి పనిచేసే పద్ధతి) నేర్చుకోవాలనుకునే విద్యార్థులు చాలామంది ముందుగా ఒక బోర్డు, నాలుగైదు సెన్సార్లు కొని, ఫోన్ తెరపై అంకెలు కదలగానే పని పూర్తయిందని అనుకుంటారు. ఆ అంకె నిజమేనా అని తేల్చుకునే పని అప్పటికింకా మొదలే కాలేదు. కాబట్టి పరికరాలు కొనకముందే ఒక చోటును, ఒక ప్రశ్నను ఎంచుకోండి. మన ఊరి చెరువు మత్తడి (అలుగు) దూకడానికి ఇంకా ఎంత మట్టం పెరగాలి, బడి వదిలే వేళ గేటు దగ్గర గాలిలో ధూళి ఎంత ఉంటోంది అన్నంత నిర్దిష్టంగా ఆ ప్రశ్న ఉండాలి.

చెరువుతో మొదలుపెట్టడం మేలని నా అభిప్రాయం, ఎందుకంటే అక్కడ సెన్సార్ చెప్పినదాన్ని కంటితో సరిచూసుకోవచ్చు. తూము దగ్గరి స్తంభానికి ఒక ఇనుప చేయి బిగించి, నీళ్లకు తట్టుకునే అల్ట్రాసోనిక్ (మన చెవికి వినపడని శబ్దాన్ని వాడే) సెన్సార్‌ను దాని చివర నిట్టనిలువుగా కిందికి చూసేలా అమర్చండి. జేఎస్ఎన్-ఎస్ఆర్04టీ వంటి రకాలు దాదాపు 25 సెంటీమీటర్ల కంటే దగ్గరి దూరాన్ని కొలవలేవు కనుక, చెరువు పూర్తిగా నిండినప్పుడు కూడా సెన్సార్‌కూ నీటికీ మధ్య అంతకంటే ఎక్కువ ఎడం మిగలాలి.

ఈ సెన్సార్ దూరాన్ని నేరుగా కొలవదు. శబ్దం నీటిని తాకి తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని కొలుస్తుంది, దూరాన్ని మనం లెక్క కడతాం. శబ్ద వేగం గాలి ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది. 26 డిగ్రీల దగ్గర అది సెకనుకు సుమారు 347 మీటర్లు, 40 డిగ్రీల దగ్గర సుమారు 355 మీటర్లు. ప్రోగ్రాములో 343 అన్న ఒకే విలువను రాసి వదిలేస్తే, నీరు 3 మీటర్ల కింద ఉన్నచోట తెల్లవారుజామున దూరం 2.97 మీటర్లుగా, వేసవి మధ్యాహ్నం 2.90 మీటర్లుగా వస్తుంది. అంటే చెరువులోకి చుక్క నీరు చేరకుండానే మట్టం రోజూ 7 సెంటీమీటర్లు పెరిగి, రాత్రికి మళ్లీ తగ్గినట్టు గ్రాఫు చూపిస్తుంది. పక్కనే నీడలో ఒక ఉష్ణోగ్రత సెన్సార్ పెట్టి ప్రతి కొలతకూ వేగాన్ని సరిచేస్తే ఈ దోషం చాలావరకు పోతుంది. ఈ ఒక్క సవరణను స్వయంగా చేసి చూసిన విద్యార్థి ఆ తర్వాత ఏ సెన్సార్ అంకెనూ గుడ్డిగా నమ్మడు.

తూము గోడ మీద కొలబద్ద గీసి, రెండు వారాలపాటు ఉదయం, సాయంత్రం కంటితో చూసిన మట్టాన్ని నోటుపుస్తకంలో రాసి, సెన్సార్ విలువలతో పోల్చండి. ఆ ఊళ్లో నీరటి (చెరువు నీటిని చూసుకునే మనిషి) ఉంటే తప్పక మాట్లాడండి. నీరు ఏ రాయి దాకా వస్తే మత్తడి దూకుతుందో ఆయనకు తెలిసినంత బాగా ఏ పటమూ చెప్పలేదు.

నగరంలో గాలిని కొలవడం ఇంతకంటే చిక్కైన పని. పీఎంఎస్5003, ఎస్‌డీఎస్011 వంటి చవక సెన్సార్లు లేజర్ కాంతి ధూళికణాల మీద పడి చెదిరే తీరును బట్టి పీఎం 2.5ను, అంటే 2.5 మైక్రాన్లు, అంతకంటే చిన్న ధూళికణాల మొత్తాన్ని, అంచనా వేస్తాయి. గాలిలో తేమ ఎక్కువైతే కణాలు నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి కాబట్టి, చలికాలపు మంచు వేళల్లో ఇవి ఉన్నదానికంటే ఎక్కువ ధూళిని చూపిస్తాయి. అందువల్ల తేమ సెన్సార్ తోడు లేకుండా వీటిని పెట్టకండి. ముందు ఒకే రకం సెన్సార్లు రెండింటిని పక్కపక్కనే వారం రోజులు ఉంచి, అవి ఒకదానితో ఒకటి ఎంత ఏకీభవిస్తున్నాయో చూడండి. తర్వాత హైదరాబాద్‌లోని సనత్‌నగర్, జూపార్క్ వంటి చోట్ల ఉన్న ప్రభుత్వ కేంద్రాల్లో మీకు దగ్గరిదాని విలువలతో పోల్చండి. పీఎం 2.5కు మన దేశ ప్రమాణం ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు, కానీ అది 24 గంటల సగటు. ఒక్క నిమిషపు విలువను దానితో పోల్చి ఆందోళన పడటం సరికాదు.

విద్యుత్తు లెక్కను కాగితం మీదే ముందుగా వేయండి. ఈఎస్‌పీ32 (సెన్సార్లను నడిపే చిన్న కంప్యూటర్ బోర్డు) వైఫైతో సగటున 120 మిల్లీయాంపియర్లు తీసుకుంటుందనుకుంటే, 2500 మిల్లీయాంపియర్ అవర్ల బ్యాటరీ ఒక్క రోజు కూడా నిలవదు. అదే 15 నిమిషాలకోసారి 10 సెకన్లు మాత్రం మేల్కొని, మిగతా వేళ గాఢనిద్రలో ఉంటే రెండు నెలలు దాటుతుంది. అయితే బోర్డు మీద వెలుగుతూ ఉండే చిన్న ఎల్ఈడీ కూడా ఈ లెక్కను తలకిందులు చేయగలదు, దాన్ని తీసేయండి. చెరువు గట్టు మీద వైఫై ఉండదు కనుక, తక్కువ విద్యుత్తుతో కొద్దిపాటి సమాచారాన్ని దూరానికి పంపే లోరా అనే రేడియో పద్ధతిని వాడతారు. మన దేశంలో దానికి లైసెన్స్ అక్కర్లేని 865–868 మెగాహెర్ట్జ్ పట్టీ ఉంది, బోర్డు కొనేటప్పుడు 433 లేదా 915 రకం చేతికి రాకుండా చూసుకోండి. యాంటెన్నా తగిలించకుండా రేడియోను ఎన్నడూ ఆన్ చేయవద్దు.

సమాచారం పంపడానికి ఎంక్యూటీటీ (చిన్న సందేశాలను తక్కువ డేటాతో పంపే పద్ధతి) నేర్చుకుంటే చాలాకాలం పనికొస్తుంది. చమురు పైపులైన్లను సన్నటి ఉపగ్రహ లింకుల మీదుగా గమనించడానికి 1999లో దాన్ని రూపొందించారు, చెరువు గట్టుకూ అదే పొదుపు కావాలి. వేర్వేరు సంస్థల పరికరాలు ఒకేచోట కలిసి పనిచేయాలంటే వన్ఎం2ఎం వంటి ప్రమాణం అవసరమవుతుంది. గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ స్మార్ట్ సిటీ లివింగ్ ల్యాబ్ ప్రాంగణమంతటా ఆ పద్ధతినే అనుసరించింది. ప్రతి కొలతకూ సమయాన్ని ఏ కాలమానంలో రాస్తున్నారో ముందే నిర్ణయించుకోండి. యూటీసీని (మన సమయానికి ఐదున్నర గంటలు వెనక ఉండే అంతర్జాతీయ కాలమానం) మన సమయంగా పొరపడితే, ఉదయం తొమ్మిది గంటల రద్దీ గ్రాఫులో తెల్లవారుజామున మూడున్నరకు కనిపిస్తుంది.

చెరువు దగ్గర నీటిపారుదల శాఖ అనుమతి, వీధి స్తంభానికి మున్సిపాలిటీ అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. వారానికోసారి వెళ్లి సెన్సార్ మూతి తుడవండి, కందిరీగలు అందులో మట్టిగూడు కట్టడం మామూలే. తుడిచిన తేదీని, గంటను కొలతల పక్కనే రాసిపెట్టండి, ఎందుకంటే ఆర్నెల్ల తర్వాత గ్రాఫులో కనిపించే ఒక హఠాత్తు మార్పునకు కారణం వానా, కందిరీగా అని చెప్పేది ఆ ఒక్క రాతే.