పురుగు పట్టిన కొండపల్లి ఏనుగు: నా అనుభవం

అమ్మమ్మగారి బొమ్మల కొలువు పెట్టెలో దొరికిన అంబారీ ఏనుగు కింద సన్నటి పొడి రాలుతోంది. పాతసామాను కొనేవాళ్లకి చూపిస్తే ఒకాయన "పాడైపోయిందండీ, ఊరికే ఇచ్చినా బరువే" అన్నాడు. బేరం కోసం అన్న మాటే అనుకోండి.

ధర తర్వాత, ముందు పురుగు సంగతి. కొండపల్లి బొమ్మలకి వాడే తెల్ల పొణికి తేలికైన, మెత్తటి కర్ర. పొడి దులిపేసి, బొమ్మని నల్ల కాగితం మీద పెట్టాను. మళ్లీ పొడి పడింది, అంటే పురుగు బతికే ఉంది. కిరసనాయిలు పూయమన్నారు, రంగు పోతుందని పూయలేదు. కాగితంలో చుట్టి, గాలి చొరని ప్లాస్టిక్ కవర్లో మూసి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచాను. బయటికి తీశాక చల్లదనం పూర్తిగా పోయేదాకా కవర్ విప్పకూడదు, లేకపోతే బొమ్మకి చెమ్మ పడుతుంది. రంగు పెచ్చులుగా లేస్తున్న బొమ్మకి మాత్రం ఈ పద్ధతి వద్దు. తర్వాత పొడి రాలలేదు.

ఇక విలువ. భూతద్దంతో రంగు ఊడినచోట చూశాను. ఏనుగు ఒంటిమీద ఒకటే పాత రంగు, అంబారీ మీద మాత్రం ఎవరో మెరిసే ఎనామిల్ వేశారు. ఇలా మళ్లీ రంగేస్తే విలువ తగ్గుతుంది. తొండం విరగలేదు, చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపిన మక్కుతో వేసిన అతుకు దగ్గర ఊడింది. ముక్క ఉంది కాబట్టి నష్టం తక్కువే.

అమెరికాలో ఉన్న తమ్ముడు తనకి పంపమన్నాడు. వయసు తేలేదాకా కుదరదన్నాను: 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన కళావస్తువుని సొంతంగా దేశం దాటించకూడదు.