బర్న్స్ యూనిట్ ఇంటర్వ్యూకి వెళ్తున్న మన నర్సులకు

యూకేకి వచ్చి, ఓస్కీ (ప్రాక్టికల్ పరీక్ష) పాసై, ఎన్ఎంసీ పిన్ (ఇక్కడి నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్) చేతికొచ్చాక కాలిన గాయాల వార్డులో, అంటే బర్న్స్ యూనిట్‌లో, బ్యాండ్ 5 (నర్సుల మొదటి గ్రేడు) పోస్టుకి అప్లై చేసేవాళ్లు ముందుగా ఒక అలవాటు మానుకోవాలి. "డాక్టర్ గారు చెప్పారు, మేం చేశాం" అనకండి. మన దగ్గర అది వినయం. ఇక్కడి ప్యానెల్ మార్కులు వేసేది మీరేం గమనించారు, మీరేం చేశారు అన్నదానికే.

ముఖం కాలిన పేషెంట్ గురించి అడిగితే గాయం దగ్గర మొదలుపెట్టకండి. గొంతు బొంగురుపోయిందా, ముక్కు వెంట్రుకలు కమిలాయా, కఫంలో మసి ఉందా చూస్తానని చెప్పండి. వాపు పెరిగితే ఊపిరి ఆడదు కాబట్టి అనెస్థెటిస్ట్‌ని (మత్తు డాక్టర్‌ని) వెంటనే పిలిపిస్తానని కూడా చెప్పండి.

ఒంట్లో ఎంత శాతం కాలిందో చెప్పే లెక్కలు తడుముకోకుండా రావాలి. పెద్దవాళ్లకు తల 9 శాతం, ఒక్కో చేయి 9, ఒక్కో కాలు 18, ఛాతీ-పొట్ట 18, వీపు 18. చిన్నపిల్లలకు తల పెద్దది, వాళ్లకు వయసును బట్టి శాతాలు చూపే లండ్-బ్రౌడర్ చార్ట్ వాడాలి. ఉత్తగా ఎర్రబడిన చర్మాన్ని లెక్కలో కలపకూడదు. మొదటి 24 గంటల్లో ఎంత సెలైన్ లాంటి ఫ్లూయిడ్ ఎక్కించాలో చెప్పే పార్క్‌లాండ్ ఫార్ములాలో, సగం ఫ్లూయిడ్ మొదటి 8 గంటల్లో వెళ్లాలి. ఆ గంటలు కాలిన క్షణం నుంచి మొదలవుతాయి. పదింటికి కాలిన మనిషి ఒంటిగంటకు వస్తే మనకు మిగిలింది 5 గంటలే.

నా మొదటి ఇంటర్వ్యూలో "పేషెంట్ డ్రెస్సింగ్ వద్దంటే?" అన్నారు. నచ్చజెప్పి మారుస్తానన్నాను. ఉద్యోగం రాలేదు. ఫీడ్‌బ్యాక్ అడిగితే, నొప్పి మాటే ఎత్తలేదన్నారు. నిజమే. ఇప్పుడు డ్రెస్సింగ్ ముట్టుకునే ముందే నొప్పి మందు ఇచ్చి, అది పనిచేసేదాకా ఆగుతాను. అతుక్కున్న గాజుగుడ్డని బాగా తడిపి, అంచు నుంచి కొద్దికొద్దిగా తీస్తాను. "ఆపండి" అంటే చేయి ఆపేస్తాను. మీరూ ఇలాగే వివరంగా చెప్పండి.

సేఫ్‌గార్డింగ్ (పిల్లల్ని, నిస్సహాయుల్ని హింస నుంచి కాపాడటం) ప్రశ్న ఖాయం అనుకునే వెళ్లండి. సాక్సు తొడిగినట్టు సరిగ్గా గీత గీసినట్టు కాలిన పసిపాదం కనిపిస్తే, నర్స్ ఇన్‌ఛార్జ్‌కి, సేఫ్‌గార్డింగ్ టీమ్‌కి చెప్తానని, ఇంట్లోవాళ్లు అన్న మాటలు అన్నట్టే రాస్తానని చెప్పాలి. మన వార్డుల్లో "స్టవ్ పేలింది" అన్న మాట వెనక ఏముండేదో చూసినవాళ్లం, ఈ ప్రశ్న బరువు మనకు తెలుసు.

ప్రకటనలో వార్డు మేనేజర్ నంబర్ ఉంటే ఫోన్ చేసి, ఇంటర్వ్యూకి ముందే ఒకసారి వార్డు చూసి రండి. చర్మం పోయిన ఒళ్లు త్వరగా చల్లబడుతుంది కాబట్టి అక్కడి గదులు బాగా వేడిగా ఉంటాయి, స్వెటర్ బయటే తీసేసి వెళ్లండి.