విసుగెరుగని పాటను మరొకరి చెవిన వేయడం ఎలా

ఎన్నిసార్లు విన్నా తనివి తీరని పాటలు ప్రతి ఇంట్లోనూ కొన్ని ఉంటాయి. వాటిని ఇష్టమైనవారికి పంపడం ఇప్పుడు క్షణం పని. అయినా అలా పంపినవాటిలో చాలా పాటలు వినబడకుండానే ఫోన్లలో మిగిలిపోతున్నాయి. ఒకసారి నేను మా తమ్ముడికి నలభై పాటలు ఒకేసారి పంపాను. అతను ఒక్కటీ వినలేదు. ఆ తరువాత ఒక్క పాటను, దానిలో నేను ఆగిపోయే చోటు ఏదో రాసి పంపితే, ఆ రాత్రే విని ఫోన్ చేశాడు. పాటంతా మనకు ప్రియమైనదే కావచ్చు గాని, మనల్ని పదేపదే వెనక్కి పిలిచేది అందులోని ఒక గమకమో, ఒక మాట విరుపో, చరణం నుంచి పల్లవికి తిరిగివచ్చే మలుపో అయి ఉంటుంది. పాటతోపాటు ఆ చోటును కూడా అందించాలి.

కాబట్టి మొదటి పని ఆ చోటును కనుక్కోవడం. పాట వినకుండా, ఏ పనిలోనో ఉన్నప్పుడు, మీ నోటికి తనంతట తాను వచ్చే భాగం ఏదో గమనించండి. అది పల్లవి కాకపోవచ్చు. 1961 నాటి జగదేకవీరుని కథలో పింగళి నాగేంద్రరావు రచించగా, పెండ్యాల నాగేశ్వరరావు దర్బారీ కానడ రాగంలో కూర్చగా, ఘంటసాల పాడిన ‘శివశంకరీ’ పాటనే తీసుకుంటే, వేగం పెరిగి స్వరాలు జలపాతంలా దూకే చివరి భాగాన్నే అందరూ మెచ్చుకుంటారు. నన్ను పట్టి నిలిపేది మాత్రం ఆరంభంలో ఆ పేరును ఆయన తొందర లేకుండా, ఒక్కొక్క అక్షరాన్నీ బరువు తూచినట్టు పలికే తీరు. విజయనగరం సంగీత కళాశాలలో శాస్త్రీయంగా నేర్చుకున్న గొంతు సినిమా పాటలోకి ఏమి తెచ్చిందో నాకు ఆ అయిదు అక్షరాలలోనే తెలుస్తుంది. ఈ సంగతిని రెండు వాక్యాలలో రాసి పంపితే చాలు. అంతకు మించి వర్ణిస్తే వినేవారికి తమంతట తాము కనుక్కోవడానికి ఏమీ మిగలదు.

యూట్యూబ్‌లో ఫలానా నిమిషం నుంచే పాట మొదలయ్యేలా లింకు తయారుచేసుకోవచ్చు గాని, దానిని వాడవద్దని నా సలహా. మలుపు అందం అంతకుముందు నడిచిన దారి మీద ఆధారపడి ఉంటుంది. లింకు మొదటినుంచే ఇచ్చి, చోటును మాటల్లో చెప్పండి.

తరువాత, పాటను సృష్టించినవారి పేర్లను సరిచూసుకోవాలి. పాత పాటల విషయంలో ఇక్కడే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. ఎన్.టి.రామారావు నటించిన ఆనాటి పాట అనగానే గాయకుడు ఘంటసాల అని రాసేస్తుంటారు. కాని 1955 నాటి మిస్సమ్మలో ఆయనకు పాడినవారు ఎ.ఎం.రాజా. 1957 నాటి మాయాబజార్‌కు సంగీత దర్శకుడిగా ఘంటసాల పేరే ఉన్నా, ‘లాహిరి లాహిరి’తో సహా కొన్ని పాటలకు బాణీ కట్టినవారు సాలూరి రాజేశ్వరరావు. సినిమా మొదట్లో వేసే పేర్లలో పాటల రచయితలందరినీ ఒకేచోట చూపిస్తారే గాని, ఏ పాట ఎవరిదో సాధారణంగా చెప్పరు. అందుకు గ్రామఫోను రికార్డు మీది చీటీ గాని, ఆ రోజుల్లో థియేటర్ల దగ్గర అమ్మిన పాటల పుస్తకం గాని మంచి ఆధారం. మీ ఇంట్లో అటువంటి పుస్తకం ఒక్కటి ఉన్నా దానిని భద్రపరచండి. పేర్లు చెప్పడం వల్ల వినేవారి చెవి కూడా పదునెక్కుతుంది: 1951 నాటి మల్లీశ్వరిలో తెరమీద కనిపించే భానుమతే స్వయంగా పాడారనీ, ఆ పాటలు దేవులపల్లి కృష్ణశాస్త్రి రచించినవనీ ముందే తెలిస్తే, ఆ పాటలను వినే తీరే మారుతుంది.

ఏ రూపంలోని పాటను పంపుతున్నారో కూడా చూసుకోవాలి. 78 ఆర్‌పీఎం రికార్డు ఒక వైపున సుమారు మూడు, మూడున్నర నిమిషాల పాటే పట్టేది గనుక, కొన్ని పాటలను రికార్డు కోసం కుదించారు, కొన్నింటిని రెండు వైపులకూ పంచారు. అందుచేత సినిమాలో వినిపించే పాటకూ రికార్డు పాటకూ తేడా ఉండవచ్చు. మీరు ప్రేమించేది ఏదో తెలుసుకొని దానినే పంపండి. హక్కుల తనిఖీకి దొరకకుండా ఉండేందుకు శ్రుతినో వేగాన్నో కాస్త మార్చి పెట్టిన పాటలు కూడా ఇంటర్‌నెట్‌లో తిరుగుతుంటాయి. గొంతు అలవాటు కన్నా సన్నగా, తొందరగా అనిపిస్తే అనుమానించి, పాట హక్కులున్న సంస్థ పెట్టిన ప్రతితో పోల్చి చూడండి.

ఇక వినే మనిషి సంగతి. వంటింట్లో పని ముగించుకొని మధ్యాహ్నం కాస్త నడుం వాల్చే అమ్మకు ఉదయం ఎనిమిదింటికి పాట పంపితే అది మిగతా సందేశాల కింద మరుగున పడుతుంది. వీలైతే ఇయర్‌ఫోన్‌తో వినమనండి. ఫోన్ స్పీకరులో మంద్ర ధ్వనులు సరిగా పలకవు గనుక, తబలాలో డగ్గా మోత వినబడదు, పాట నడక సగం పోతుంది. ఒకే గదిలో కూర్చొని వినిపించే అవకాశం ఉంటే అంతకన్నా మేలైనది లేదు. అయితే పాట నడుస్తుండగా మాట్లాడకూడదు, చోటు రాగానే ‘ఇదిగో, ఇక్కడే’ అని భుజం తట్టకూడదు. కళ్లతో చూసుకుంటే సరిపోతుంది.

విదేశాలలో పెరుగుతున్న పిల్లలకు పంపేటప్పుడు మరికొంత శ్రద్ధ అవసరం. పాటంతా అనువదించి పెట్టడం కన్నా, తాళంచెవి వంటి ఒక్క మాటకు అర్థం చెప్పడం మంచిదని నేను అనుభవం మీద తెలుసుకున్నాను. మా అక్క మనవరాలు ‘లాహిరి లాహిరి’ని విని, లాహిరి అంటే ఏమిటని అడిగింది. ఇక్కడ ఉన్నవారే చాలామంది దానిని లహరి, అంటే అల, అనుకుంటారు, పడవ పాట కదా. కాని లాహిరి అంటే మత్తు, మైకం. ఈ ఒక్క మాట తెలిశాక, లోకమంతా ఊగుతోందని ఆ జంట ఎందుకు పాడుతున్నదో ఆ పిల్లకు నేను వేరే చెప్పవలసిన పని లేకపోయింది. ఘంటసాల, పి.లీల గొంతులలోని తూగు మోహన రాగంలో ఎంత హాయిగా ఒదిగిందో ఆ తరువాత తనే చెప్పింది.

పంపిన తరువాత ‘విన్నావా, ఎలా ఉంది’ అని వెంటపడవద్దు. ఒక వారమైనా గడవనివ్వండి, మరో పాట పంపవద్దు. నచ్చలేదన్నా వాదించకండి, అదే పాట మరో పదేళ్లకు, మరో స్థితిలో, వారికి అందవచ్చు. మీరు చెప్పిన చోటు కాక వేరే చోటు తమకు నచ్చిందని అంటే, వెంటనే పాటను మొదటినుంచి మరోసారి వినండి. ఏళ్లుగా వింటున్నా మీరు గమనించని వయొలిన్ బిట్టు ఒకటి వారి మాటవల్ల వినబడవచ్చు.

చివరగా వారి పాటను అడగండి. మీకు అలవాటులేని కాలానిదో, ప్రైవేటు ఆల్బమ్‌లోదో, జానపదమో కావచ్చు. మీ పాట విషయంలో మీరు కోరుకున్నంత ఓపికతో కనీసం మూడుసార్లు వినండి. నేను ఒక నోటుపుస్తకంలో ఎడమ పేజీలో పంపిన పాట, తేదీ, చోటు రాసుకొని, కుడి పేజీని తిరిగి వచ్చిన పాట కోసం ఖాళీగా ఉంచుతాను.