పిల్లలతో చెట్టు బెరడు, ఆకుల మీద కాగితం పెట్టి క్రేయాన్‌తో రుద్ది అచ్చులు తీసే ముందు జాగ్రత్తలు

- ఏ చెట్టు దగ్గరికైనా ముందు పెద్దవాళ్లు వెళ్లి చుట్టూ తిరిగి చూడాలి. మునగ మాను మీద గొంగళిపురుగులు గుంపుగా అతుక్కుని, బెరడు రంగులో కలిసిపోతాయి. చెయ్యి తగిలిందా, దద్దుర్లే! మామిడికైతే ఎర్రచీమలు. వేప, చింత బెరడు గరుకుగా ఉంటుంది కాబట్టి అచ్చు చక్కగా పడుతుంది, నేనైతే వాటితోనే మొదలుపెట్టమంటాను.

- గన్నేరు విషం. జిల్లేడు పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం. వీటి ఆకులు వద్దే వద్దు. వయ్యారిభామ కలుపు మొక్క పెరిగిన చోట కూర్చోబెట్టకండి.

- రాలిన రావి, టేకు ఆకులు ఏరుకోండి, పెళుసెక్కినవి మాత్రం వదిలేయండి. ఈనెలు ఉబ్బి ఉండే అడుగు వైపు పైకి రావాలి.

- మందపాటి డ్రాయింగ్ షీట్ కాదు, పల్చటి కాగితం తీసుకోండి. క్రేయాన్ మీది కాగితం ఇంట్లోనే ఒలిచేసి, అడ్డంగా పడుకోబెట్టి రుద్దడం ఒకసారి చూపించండి.

- క్రేయాన్లు ఎండలో పెట్టొద్దు, మెత్తబడతాయి.

- మూడేళ్లలోపు వాళ్లుంటే గింజలు, గులకరాళ్లు అందనివ్వకండి, నోట్లో పెట్టేసుకుంటారు.

- నీళ్లు, సబ్బు, టోపీలు.

- ఉత్సాహంలో బెరడు ఊడబీకుతారు. ఆ గాయం చెట్టుకు తగులుతుందని మొదలుపెట్టక ముందే చెప్పండి.