తొట్టిలో కాడలు మిగలకుండా పచ్చిగడ్డి పెంచడం ఎలా?

గడ్డి బాగుందో లేదో చేలో చూస్తే తెలియదు, తెల్లారి తొట్టిలో చూడాలి. కిందటేడు మా సూపర్ నేపియర్ గడ్డి మనిషెత్తు దాటిందని మురిసిపోయి కొయ్యకుండా ఉంచాను. గేదెలు ఆకంతా లాగేసి, చెరుకు గడల్లాంటి కాడలు వదిలేశాయి. పాలూ తగ్గాయి. తప్పు విత్తనానిది కాదు, నాదే.

1. చోటు: తెనాలి, దుగ్గిరాల వైపు నల్లరేగడిలో నీళ్లు నిలిస్తే ఆకు పసుపెక్కుతుంది. బాగా చివికిన పశువుల ఎరువు తోలి, బోదెలు వేసి, రెండు కణుపుల ముక్కల్ని ఏటవాలుగా గుచ్చండి. మిర్చి చేను పక్కన మాత్రం వద్దు. అక్కడ మందు కొట్టినప్పుడల్లా తుంపర గడ్డి మీదే పడుతుంది.

2. కోత: అసలు సంగతంతా ఇక్కడే ఉంది. నాటిన 70 రోజులకు మొదటి కోత, తర్వాత 40–45 రోజులకోసారి. రోజులు గడిచేకొద్దీ ఆకు తగ్గి కాడ పెరుగుతుంది, మాంసకృత్తులు పడిపోయి పీచు ముదురుతుంది. కాడను గోటితో నొక్కండి. గోరు దిగితే సరైన అదను, జారిపోతే ఆలస్యమైనట్టే. నేల నుంచి నాలుగైదు అంగుళాలు వదిలి కొయ్యాలి, మరీ మొదలంటా నరికితే పిలకలు సన్నబడతాయి.

3. యూరియా: కోసిన వెంటనే వేసి తడి ఇవ్వాలి. ఎకరాకు ఒక బస్తా చాలని నా లెక్క. ముదురాకుపచ్చ రంగు చూసి మురిసి ఇంకా గుప్పిస్తే గడ్డిలో పశువుకు విషమయ్యే నైట్రేట్ పేరుకుంటుంది. మబ్బు రోజుల్లో, నీటి ఎద్దడిలో అది మరీ ప్రమాదం. వేశాక రెండు మూడు వారాలు ఆ గడ్డి జోలికి పోవద్దు.

4. జొన్న చొప్ప: లేతగా ఉండి బెట్టకు వాడిపోయిన జొన్నలో నాము అనే విషం ఉంటుంది. అది తిన్న పశువు తూలిపడి, చూస్తుండగానే చచ్చిపోతుంది. పూత వచ్చాకే కొయ్యండి.

5. పప్పుజాతి మేత: నేపియర్ ఒక్కటే మేపితే పశువుకు సున్నం (కాల్షియం) తక్కువవుతుంది. మూడు వంతుల గడ్డికి ఒక వంతు పిల్లిపెసరో, జనుమో, అలసందో కలపాలి. వరి కోతకు ముందు తడి పొలంలో పిల్లిపెసర చల్లడం మన డెల్టాలో పెద్దల నాటి పద్ధతి. కోత మిషన్ తొక్కేస్తుందని ఇప్పుడు చాలామంది మానేశారు. మిషన్ వెళ్లాక చల్లి ఒక తడి ఇచ్చినా మొలుస్తుంది.